కుట్టు మానిన చోట

మూడో రోజు కూడా కోడలు వంటింట్లో అడుగు పెట్టలేదు.

సిస్టరమ్మ గుడ్లు ఉడకబెట్టి, రొట్టె ముక్కలు కాల్చి, పాలు కాచి, నాలుగు పళ్ళాలు బల్ల మీద పేర్చింది. మూడింటి దగ్గరకే మనుషులు వచ్చి కూర్చున్నారు. నాలుగో పళ్ళాన్ని కొడుకు చేతిలోకి తీసుకుని, మూసి ఉన్న గది తలుపువైపు ఒకసారి, తల్లి ముఖంలోకి ఒకసారి చూశాడు.

"నేనిచ్చి రానా?"

"ఇవ్వు. నేనేమైనా వద్దన్నానా?"

"నువ్వే ఇవ్వరాదూ, అమ్మా."

సిస్టరమ్మ గుడ్డు పెంకు ఒలవడంలో మునిగిపోయింది. కొడుకు పళ్ళెం మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. అతను లిఫ్టు మెకానిక్. ఊళ్ళో ఎన్ని లిఫ్టులు బాగుచేస్తేనేం, ఇంట్లో మాత్రం మూడు రోజులుగా అతనే రెండు అంతస్తుల మధ్య చిక్కుకుపోయాడు. పైకి పోలేడు, కిందికి దిగలేడు.

ఏడేళ్ళ మనవరాలికి మాత్రం అలాంటి మొహమాటాలు లేవు. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిడుగు అనే పిలుస్తారు.

"అమ్మ నీకు కటీఫ్ చెప్పిందా, నానమ్మా?"

"పాలు తాగు."

"మా క్లాసులో కటీఫ్ సాయంత్రానికి పోతుంది. మీది మూడు రోజులైంది."

కొడుకు దగ్గాడు. సిస్టరమ్మ ఒలిచిన గుడ్డుని పిడుగు పళ్ళెంలో వేసింది. పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది. మూడు రోజులైంది.

కోడలు సిటీ బస్సు డ్రైవరు. మూడు రోజుల కిందట, పట్టపగలు, నిండు బస్సుని నడిదారిలో ఆపేసింది. క్లచ్ తొక్కబోతే ఎడమకాలు లేవలేదు. పొత్తికడుపు కింద, పిడుగు పుట్టినప్పుడు కోసిన కోత మచ్చకి ఎడమ కొసన, ఎవరో సూది గుచ్చి మెలిపెట్టినట్టయింది. ఎలాగో బండి పక్కకి తీసి, బ్రేకు వేసి, జనాన్ని వెనకాల బస్సు ఎక్కించి, అప్పుడు స్టీరింగ్ మీద తల వాల్చింది. డాక్టరు కాగితం తెచ్చేదాకా బండి ముట్టుకోవద్దని డిపో మేనేజరు తేల్చి చెప్పాడు.

ఆ సాయంత్రమే సిస్టరమ్మ నోట ఆ మాట వచ్చింది.

"కుట్టు మానిన చోట ఇన్నేళ్ళకి నొప్పేమిటమ్మాయ్. నొప్పి అక్కడ లేదు, నీ తలకాయలో ఉంది."

ఇంకెవరైనా అంటే కోడలు దులిపేసుకునేదే. కానీ అన్నది ముప్పై రెండేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి వచ్చిన మనిషి. వీధి వీధంతా ఇప్పటికీ ఒంట్లో ఏ నలత వచ్చినా ముందు తలుపు తట్టేది సిస్టరమ్మ ఇంటిదే. కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

నిన్న స్కాన్ రిపోర్టు వచ్చింది. మచ్చకి ఎడమ కొసన, చర్మం కింద, పొట్ట గోడలో మూడు సెంటీమీటర్ల గడ్డ ఉందని రాశారు. అదేమిటో డాక్టరు చూసి తేల్చాలన్నారు. ఆ కాగితాన్ని సిస్టరమ్మ నాలుగుసార్లు చదివింది. మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని, మిగతా మూడుసార్లు లేకుండానే. నిన్నటినుంచి ఆవిడ ఆ ఊసే ఎత్తడం లేదు. ఓడిపోయినందుకు అలిగిందనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

గది తలుపు తెరుచుకుంది. డ్యూటీ లేకపోయినా కోడలు యూనిఫాం చొక్కానే వేసుకుంది. చేతిలో రిపోర్టు కవరు.

"పదకొండింటికి డాక్టరు దగ్గర టోకెన్ ఉంది. బయల్దేరదామా?" అంది భర్తతో.

అతను చెప్పులు వేసుకుంటుండగా ఫోను మోగింది. ఏదో ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోయిందట, లోపల ఐదుగురున్నారట, అందులో ఒకావిడకి ఊపిరాడడం లేదట. ఫోను చెవిదగ్గరే పెట్టుకుని భార్య వైపు చూశాడు.

"వెళ్ళండి. నేనొక్కదాన్నే వెళ్ళగలను. బస్సు తోలేదాన్ని, బస్సెక్కలేనా."

"నేను వస్తాను" అంది సిస్టరమ్మ.

కొడుకు ఫోను చెవి దగ్గర్నించి దించాడు.

"ఎందుకు?" అంది కోడలు. మూడు రోజుల తర్వాత అత్తగారితో అన్న మొదటి మాట అది. "ఆ డాక్టరుకి కూడా నా తలకాయ సంగతి చెప్పడానికా?"

"కాదు."

"మరి?"

"వస్తాను" అంది సిస్టరమ్మ మళ్ళీ.

పిడుగుని బడి దగ్గర దింపి ఇద్దరూ బస్సెక్కారు. డ్రైవరు కోడలికి తెలిసినవాడే. అద్దంలోంచి చెయ్యి ఊపి, "ఏంటక్కా, ఇవాళ టిక్కెట్టు కొని ఎక్కావు" అన్నాడు. కోడలు నవ్వింది. కూర్చున్నాక మాత్రం ఎడమ అరచెయ్యి పొత్తికడుపు కింద పెట్టుకుని, ప్రతి గతుకుకీ ముందే శరీరాన్ని బిగపట్టింది. ఏ గతుకు ఎక్కడుందో ఆమెకి కంఠతా వచ్చు.

ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది సిస్టరమ్మ. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళడం ఇవాళ కొత్తగా చూడలేదు. పిడుగుకి పాలు మాన్పించిన కొన్నాళ్ళకి మొదలైంది. ముందు దురద అంది. తర్వాత చీమ కుట్టినట్టుందంది. తర్వాత అనడమే మానేసింది. పిల్లని ఎత్తుకోవాల్సి వస్తే కుడివైపుకి మార్చుకునేది. బక్కెట్టు ఎత్తబోయి వదిలేసేది. చూడనట్టు ఉండడం సిస్టరమ్మకి మొదట్లో కష్టమయ్యేది. తర్వాత అదే అలవాటైపోయింది.

ఆస్పత్రి హాల్లో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. గోడమీద ఎర్రటి అంకెలు మారుతున్నాయి. పద్నాలుగో నెంబరు లోపలికి వెళ్ళింది. వీళ్ళది ఇరవై.

కోడలు ఒక కుర్చీ వదిలి కూర్చుంది. సిస్టరమ్మ లేచి, మధ్యనున్న ఆ ఖాళీ కుర్చీలోకి మారింది.

"నీకొక మాట చెప్పాలి. లోపలికి వెళ్ళకముందే చెప్పాలి."

"చెప్పండి."

"ఆ గడ్డ గుడ్డ కావచ్చు."

కోడలికి అర్థం కాలేదు.

"ఆపరేషన్లో నెత్తురు అద్దడానికి గుడ్డలు వాడతారు. ఎన్ని తీశామో ముందు లెక్కపెడతాం. కుట్లు వేసేముందు మళ్ళీ లెక్కపెడతాం. రెండూ సరిపోతేనే డాక్టరు మూస్తారు. నీ ఆపరేషన్ రోజు ఆ లెక్క నాది."

"మీరు లోపలున్నారని తెలుసు. మీరుండబట్టే నాకు భయం వెయ్యలేదు."

సిస్టరమ్మ చీరకొంగు అంచుని వేలికి చుట్టుకుని విప్పింది.

"సొంతమనిషి ఆపరేషన్‌కి నిలబడకూడదని పెద్ద డాక్టరు అన్నారు. నా కోడలు, నేనే ఉంటానన్నాను. పిల్ల బయటికి వచ్చాక ఏడవలేదు. గుర్తుందా?"

"మీరు వీపు తట్టారు. అప్పుడు ఏడ్చింది."

"ఏడ్చేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లని గుడ్డలో చుట్టుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాను, వాడికి చూపించాలని. వచ్చేసరికి డాక్టరు కుట్లు మొదలుపెట్టబోతున్నారు. లెక్క సరిపోయిందా అని అడిగారు. సరిపోయిందన్నాను. కాగితం మీద సంతకం పెట్టాను."

"లెక్కపెట్టలేదా?"

"లేదు."

పదహారో నెంబరు వచ్చింది. ఎవరో పెద్దావిడ కర్ర ఊతంతో మెల్లగా లేచి లోపలికి నడిచింది. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు మూసుకునేదాకా వీళ్ళిద్దరూ అటే చూశారు.

"మర్నాడు పొద్దున గుర్తొచ్చింది" అంది సిస్టరమ్మ. "అప్పటికి బక్కెట్లు, గుడ్డలు అన్నీ పోయాయి. లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడే చెప్పాల్సింది. నీకు జ్వరం రాలేదు, చీము పట్టలేదు, కుట్టు చక్కగా మానింది. అంతా బాగానే ఉందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత నువ్వు నొప్పి అన్నావు."

"అంటే నేను నొప్పి అన్నప్పుడల్లా…"

"నా సంతకమే కనపడేది."

కోడలు కవరు మీద ఉన్న తన పేరుని బొటనవేలితో తుడుస్తున్నట్టు రాస్తూ ఉండిపోయింది. తిడుతుందనుకుంది సిస్టరమ్మ. తిడితే బాగుండుననుకుంది.

"నా తలకాయలో ఉందన్నది కూడా అందుకేనా?"

"అందుకే."

"మీరు నిజంగా నమ్మి అన్నారనుకున్నాను అత్తయ్యా. అంత అనుభవం ఉన్న మనిషి అన్నారంటే నిజమేనేమోనని ఈ మూడు రోజులూ నన్ను నేనే అనుమానించుకున్నాను. ఈ మూడు రోజులేం ఖర్మ, ఐదేళ్ళుగా."

సిస్టరమ్మ తల వంచుకుంది. ఎర్ర అంకెలు పదిహేడుకి మారాయి, పద్దెనిమిదికి మారాయి. ఇరవై వచ్చినప్పుడు కోడలు లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"రండి" అంది.

డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉంది. నెరిసిన జుట్టు చెవులదాకా కత్తిరించుకుంది. స్కాన్ చూసి, కోడలిని బల్లమీద పడుకోబెట్టి, రెండు వేళ్ళతో మచ్చ వెంబడి కుడినుంచి ఎడమకి మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. ఎడమ కొసకి రాగానే కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"నెలసరి ఎప్పుడు?"

"ఇవాళో రేపో రావాలి."

"ఈ నొప్పి ఏ రోజుల్లో ఎక్కువగా ఉంటుంది?"

"ఇప్పుడైతే రోజూ ఉంటోంది. మొదట్లో కొన్ని రోజులే ఉండేది. ఏ రోజులో గుర్తులేదు." కోడలు ఆగింది. "డ్యూటీ డైరీ ఉంది. నొప్పి ఓర్చుకోలేక మాత్ర వేసుకుని బండెక్కిన రోజుల్లో చిన్న ఇంటూ గుర్తు పెట్టుకుంటాను. ఏమైనా జరిగితే నావల్లేనని తెలియాలి కదా."

సంచిలోంచి నూనె మరకలున్న డైరీ తీసి ఇచ్చింది. డాక్టరు పేజీలు వెనక్కి తిప్పుతూ పైకే చదివింది. "ఈ నెల నాలుగో తేదీ. పోయిన నెల ఏడు. దానికి ముందు తొమ్మిది."

సిస్టరమ్మ కుర్చీలోంచి కొద్దిగా ముందుకి వంగింది. ఆ అంకెలు వింటుంటే ఆవిడలోని నర్సు ఎన్నో ఏళ్ళ నిద్రలోంచి లేచినట్టయింది. ఇరవై ఎనిమిది రోజులు. మళ్ళీ ఇరవై ఎనిమిది.

"ఇంతకుముందు చూపించుకోలేదా?" అంది డాక్టరు.

"ముగ్గురికి చూపించాను. ఒకరు నరం అన్నారు, ఒకరు లోపల అతుక్కుపోయి ఉంటుందన్నారు. ఒకరు మనసుకి విశ్రాంతి కావాలన్నారు."

"ఎప్పుడెప్పుడు వస్తుందని అడగలేదా?"

"ఎంత నొప్పి అని అందరూ అడిగారు. ఎప్పుడు అని ఎవరూ అడగలేదు."

తన కోసం అన్నది కాకపోయినా ఆ మాట సిస్టరమ్మకి తగలాల్సిన చోటే తగిలింది. ఇంట్లో కూర్చుని అడగగలిగిన మనిషి తనొక్కతే. ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

"డాక్టరుగారూ" అంది కోడలు, అత్తగారి వైపు చూడకుండా. "ఆపరేషన్లో గుడ్డలాంటిది లోపల ఉండిపోయి ఇలా అయ్యే వీలుందా?"

డాక్టరు స్కాన్ బొమ్మని మళ్ళీ వెలుతురుకి పట్టి చూసింది. "గుడ్డయితే ఇలా కనపడదు. పైగా గుడ్డకి తేదీలు తెలియవు. ఈ గడ్డకి తెలుసు." బొమ్మ కింద పెట్టింది. "గర్భసంచి లోపల ఒక పొర ఉంటుంది. నెలనెలా పెరిగి రాలేది అదే. సిజేరియన్ చేసేటప్పుడు ఆ పొరలోంచి నాలుగు కణాలు వచ్చి కోత అంచున పడి, అక్కడే నాటుకున్నాయి. అరుదే గానీ జరుగుతుంది. ఇల్లు మారింది కదా అని వాటి బుద్ధి మారదు. గర్భసంచిలో ఉంటే ఏ రోజుల్లో ఏం చేసేవో, ఇక్కడా ఆ రోజుల్లో అదే చేస్తాయి. ఉబ్బుతాయి, నెత్తురు ఊరుతుంది. అది బయటికి పోయే దారి లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ గడ్డయింది."

"అంటే కాన్సరా?"

"అలా అనిపించడం లేదు. సూదితో కొంచెం తీసి పరీక్ష చేసి ఖాయం చేసుకుందాం. తర్వాత చుట్టూ కాస్త మంచి కండతో సహా కోసి తీసేస్తే సరి. నెలన్నర బండి తోలకూడదు. మీ డిపోకి ఉత్తరం నేను రాసిస్తాను."

"చేసినవాళ్ళ తప్పు కాదా ఇది?"

"కాదమ్మా. ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి జరుగుతుంది."

కోడలి కళ్ళు నిండాయి. నొప్పికి ఏనాడూ ఏడవని మనిషి, నొప్పికి పేరుందని తెలిశాక ఏడ్చింది. డాక్టరు కాగితం రుమాలు అందించి, ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. సిస్టరమ్మ గోడకున్న కాలెండరు వైపు చూస్తూ కూర్చుంది. ఏడేళ్ళుగా గుండె మీద మోస్తున్న బండ ఒక్క మాటతో జారిపోయింది. ఆ తేలికతనానికే ఆవిడకి సిగ్గేసింది.

సాయంత్రం కొడుకు మసి చేతులతోనే ఇంట్లోకి వచ్చాడు. లిఫ్టులోని ఐదుగురూ క్షేమంగా బయటపడ్డారట. ఊపిరాడనావిడ బయటికి రాగానే ముందు ఇతన్నే తిట్టిందట. డాక్టరు చెప్పిందంతా భార్య నోట విని, సోఫాలో కూలబడి, చేతులతో ముఖం రుద్దుకున్నాడు. నుదురంతా మసి అంటుకుంది.

"అయితే నిజంగానే నొప్పి" అన్నాడు.

"నిజంగానే" అంది కోడలు.

"నేను కూడా… అమ్మ చెప్పింది కదా అని…"

"తెలుసు."

అతను తల్లి వైపు చూశాడు. కోడలు ఆస్పత్రి హాల్లో కూర్చుని విన్న సంగతి ఒక్కటీ బయటపెట్టలేదు. పిడుగు వచ్చి తండ్రి నుదుటిమీది మసి చూసి పకపకా నవ్వింది. ఇద్దరూ కలిసి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళారు. నీళ్ళ చప్పుడూ పిల్ల నవ్వూ కిటికీలోంచి లోపలికి వస్తున్నాయి.

ఈ మూడు రోజుల్లో మొదటిసారి కోడలు వంటింట్లోకి వచ్చింది. బంగాళాదుంపల బుట్ట ముందుకి లాక్కుని, నిలబడే తొక్క తీయసాగింది.

"కూర్చో. నేను తీస్తాను" అంది సిస్టరమ్మ.

"నిలబడితేనే నాకు హాయి."

ఒక దుంప అయింది. రెండో దుంప అయింది.

"వాడికి చెప్పలేదు నువ్వు" అంది సిస్టరమ్మ.

"దాచిపెట్టాలని కాదు. అది మీరు చెప్పాల్సిన మాట, నాది కాదు."

"చెప్తాను."

"గుడ్డ లేదని తేలింది. మీరు లెక్కపెట్టలేదన్నది మాత్రం చెరిగిపోలేదు అత్తయ్యా. అది అలాగే ఉంది."

"ఉంది" అంది సిస్టరమ్మ. "లేదనను. నిన్ను క్షమించమని కూడా అడగను. అడిగే ముఖం లేదు."

కోడలు కత్తి బల్ల మీద పెట్టింది. గొంతులో కోపం లేదు. చీకట్లో మెట్లు దిగే మనిషి కాలితో తడిమి చూసుకున్నట్టు, ఒక్కో మాటా తడుముకుంటూ అడిగింది.

"పొద్దున్నుంచి ఒకటే ఆలోచిస్తున్నాను. ఆ రోజంటే మనవరాలు పుట్టింది, మీకు ఒళ్ళు తెలియలేదు. సరే. మిగతా రోజులు? ముప్పై రెండేళ్ళు చేశారు. ఇంకెవరికైనా అలా సంతకం పెట్టారా?"

పెరట్లో కుళాయి కట్టేశారు. వంటింట్లో పొయ్యిమీది నీళ్ళు సన్నగా కూనిరాగం తీస్తున్నాయి. లేదు అనడానికి ఎంతసేపు పడుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ సేపు గడిచిపోయింది. ఇంకా గడుస్తోంది.

"ఒకరికి" అంది సిస్టరమ్మ.

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది.

"గర్భసంచి తీసేసిన ఆపరేషన్. నేను రిటైరవడానికి ఏడాది ముందు. ఆ రోజు తొమ్మిది ఆపరేషన్లు, ఇద్దరం నర్సులం. ఆవిడ లెక్కలో గుడ్డ ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ తగ్గింది. డాక్టరు కేకలేశారు, నీకు లెక్కపెట్టడం రాదన్నారు. సరిపోయిందని రాసేశాను."

"ఆవిడ ఇప్పుడు ఎక్కడుంటుందో తెలుసా?"

సిస్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పెరటి గోడ అవతల, వీధి చివర, వరసగా ఉన్న చిన్న దుకాణాల్లో అప్పుడే దీపాలు వెలుగుతున్నాయి.

"తెలుసు" అంది. "పిడుగు స్కూలు బట్టలు కుట్టేది ఆవిడే. మిషను ముందు ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది. ఐదేళ్ళుగా చూస్తున్నాను."